సుక్రమ్మ గుమ్మంలో మేం పాతిన బోర్డు

పులి సంగతి

ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర రేంజర్లు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. కాఫీ గ్లాసు చేతిలోకి రాగానే అందరూ అడిగేది పులి గురించే. ముప్పై ఏళ్ళ పైచిలుకు అడవిలో తిరిగారు కదా, ఎన్ని పులుల్ని చూశారండీ అని. మూడు. రెండింటి వీపులు చూశాను. మూడోది నన్ను చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఈ మాట చెప్పగానే పాపం వాళ్ళ మొహాలు చిన్నబోతాయి.

పులి మన ఉద్యోగం కాదు నాయనా. అది తన పని తను చూసుకుంటుంది. మన ఉద్యోగమంతా సర్వేరాళ్ళతోటి, బోర్డులతోటి, వాటి పక్కన బతికే మనుషులతోటి. పుస్తకాల్లో చెట్ల పేర్లు నేర్పుతారు గానీ, ఎదురొచ్చిన మనిషి చేతిలో చెంబుంటే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు. నాకూ నేర్పలేదు.

ఉద్యోగంలో నేను ఎక్కిన మెట్ల గురించి రాయమని మా అల్లుడు పోరుతున్నాడు. అది రాస్తే చదివేవాడు మా అల్లుడొక్కడే. అందుకని నేను చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాను. దాని మూలంగా అరకు దాపున పద్దెనిమిది గడపల ఊరు ఒక ఏడాది పంట పోగొట్టుకుంది. ఇంకొంచెం ఉంటే ఊరే పోయేది.

దొరగారి స్వాగతం

పంతొమ్మిది వందల ఇరవైల నడిమిలో సంగతి. మన్యంలో పెద్ద అలజడి నడిచి, అణిగి, ఇంకా ఎవరి మనసూ కుదుటపడని రోజులు. ఖాకీ బట్ట కనబడితే చాలు, కొండజనం దారి వదిలి పొదల్లోకి తప్పుకునేవారు. మేమూ అంత ధైర్యంగా ఏమీ తిరగలేదు లెండి.

మా పైన ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. మంచి మనిషి. గుర్రం మీద కంటే నడిచి ఎక్కువ తిరిగేవాడు. ఆయనకో ఆలోచన వచ్చింది. మన బోర్డులన్నీ ఏం చెబుతున్నాయి? చెట్టు కొట్టవద్దు, నిప్పు పెట్టవద్దు, పశువుల్ని తోలవద్దు. ప్రతి మలుపులోనూ ఒక వద్దు. ఇలాగైతే జనానికి మనమంటే ఒళ్ళుమండక ఏమవుతుంది? అవి పీకేసి రిజర్వు అడవి మొదలయ్యే చోటల్లా స్వాగతం బోర్డు పెట్టండి, బొర్రా గుహలకని కింద నుంచి జనం వస్తున్నారు, వాళ్ళకీ కొండవాళ్ళకీ ఇది అందరి అడవి అని తెలియాలి, అన్నాడు. ఏం రాయాలి, ఎక్కడ నిలబెట్టాలి అన్నది అక్కడి మనుషులే తేల్చాలని ఒక పంచాయితీ కూడా వేయించాడు.

ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదనే అంటాను. పాడు చేసింది నేను.

స్థలం చూడ్డానికి మొదటిసారి జీలుగుపుట్టు వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. బండి దారి ఒక గెడ్డ, అంటే కొండవాగు, దగ్గర ఆగిపోతుంది. గెడ్డ ఒడ్డున వెడల్పాటి పలకరాయి ఒకటి ఉంది. దాని మీద అడుగు పెట్టబోతుంటే మా గార్డు అప్పలసామి నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆగండి బాబూ, ఊర్లోంచి నీళ్ళు రావాలి అన్నాడు. ఊరు చూస్తే ఇంకా ఎగువన, చెట్ల వెనకాల ఉంది. గెడ్డ నిండా నీళ్ళుండగా ఊర్లోంచి నీళ్ళేమిటయ్యా అన్నాను. వాడు నోటికి చేతులడ్డం పెట్టి ఊరి వైపు కేకేశాడు.

కాసేపటికి ఒక ముసలామె ఇత్తడి చెంబుతో దిగి వచ్చింది. పేరు సుక్రమ్మ. ఆ ఊరి పెద్ద బుడ్డునాయుడి తల్లి. నన్ను పలకరాయి మీద నిలబెట్టి, వంగి, తన చేత్తో నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. తరవాత, ‘రా బాబూ’ అంది. కొండమీద మీరూ గీరూ ఉండవు, కలెక్టరైనా నువ్వే.

ఆ ఊరి పద్ధతి అప్పలసామి నాకు తిరుగుదారిలో చెప్పాడు. వచ్చినవాడు నచ్చిన చుట్టమైతే చేత్తో కాళ్ళ మీద పోస్తారు. రాక తప్పని మనిషైతే, అంటే అప్పులవాడో జప్తుకొచ్చే అమీనో అయితే, చెంబు రాతి మీద పెట్టి పక్కకి జరుగుతారు, వాడే పోసుకోవాలి. నీళ్ళివ్వకుండా ఎవరూ ఆ రాయి దాటరు. వాళ్ళ నేల అక్కడి నుంచి మొదలు. ఇదంతా విని, భలే ఉందే అని నవ్వుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

వరండా మీద పంచాయితీ

బోర్డు గురించి మేం కూర్చున్నది ట్రావెలర్స్ బంగళా వరండాలో. ఐదుగురం. నేను, మిషను బడి మాస్టారు సత్యానందం గారు, సంతలో ఉప్పూ బట్టా అమ్మే కోమటి ఒకాయన, ఆ కొండల్లో పన్ను వసూలు చేసే ముఠాదారు తరఫున ఒక గుమాస్తా, బుడ్డునాయుడు. బుడ్డునాయుడికి కుర్చీ వేస్తే కూర్చోలేదు. మెట్టు మీదే కూర్చున్నాడు.

పూట పూటంతా అక్షరాల మీదే గడిచిపోయింది. ఎర్ర రంగా నల్ల రంగా? ఎర్రది దొరగారికి నచ్చదేమోనని గుమాస్తా భయం. నెమలి బొమ్మ వేయించాలని కోమటి పట్టు. ఈ కొండల్లో నెమలికంటే ఎలుగుబంటి ఎక్కువ కనబడుతుంది, అది వేయించండి అని నేను అన్నాను, ఎవరూ నవ్వలేదు. సత్యానందం మాస్టారు మాత్రం, అసలు ఈ చుట్టుపట్ల చదవగలిగేవాళ్ళు మా బడి పిల్లలు ఏడుగురు, వాళ్ళకి ఈ అడవి పుట్టినప్పటి నుంచీ తెలుసు, మనం స్వాగతం చెప్పేది ఎవరికండీ అని నెమ్మదిగా అడిగారు. అయినా రంగు దగ్గరకే మళ్ళీ వెళ్ళాం.

ఎక్కడ పెట్టాలన్నది ఆఖర్న వచ్చింది. అప్పటికి పొద్దు వాలుతోంది, అందరికీ ఇళ్ళకు పోవాలని ఉంది. రిజర్వు అసలు మొదలయ్యేది జీలుగుపుట్టు దాటి అరకోసు, అంటే మైలు, ఎగువన, సర్వేవాళ్ళు హద్దుకు పేర్చిన రాళ్ళ కుప్పలు ఉన్నచోట. రిజర్వు అంటే తెలుసుగా, లోపల ఊరుండకూడదు, గొడ్డలి వెయ్యకూడదు, గింజ చల్లకూడదు. ఊరూ, ఊరివాళ్ళ పోడు చేలూ దానికి బయటే ఉన్నాయి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ బోర్డుకని మేం కొట్టించి పెట్టిన వేగిస స్తంభాలు రెండూ రాతి బరువు. బండి గెడ్డ దాటదు.

అప్పలసామి వరండా చివర నిలబడి నన్ను బతిమాలాడు. ‘ఏటి సెప్తాం బాబూ, ఆ మాను మోసుకుని పైకెల్తే మా బుజాలు ఊడి పడిపోతాయి. గెడ్డకాడ పాతేద్దాం, బేగి అయిపోద్ది.’

నాకూ అదే బాగుందనిపించింది. పలకరాయి దగ్గర ఎలాగూ అందరూ ఆగుతారు కదా, ఆగినవాడు బోర్డు చూస్తాడు.

మెట్టు మీది నుంచి బుడ్డునాయుడు అన్నాడు. ‘అక్కడొద్దు బాబూ. అది మా గుమ్మం. నీ గుమ్మం పైనుంది గదా. అక్కడ పెట్టుకో.’

నాకు వినబడింది. అర్థమూ అయింది. అర్థం కాలేదని రాసుకుంటే నాకు తేలిగ్గా ఉండేది, కానీ అది అబద్ధం. బోర్డే కదా నాయుడూ, రెండు కొయ్యలూ ఒక పలకా, నీ గుమ్మాన్ని ఎవరు ఎత్తుకుపోతారు అని తేల్చేశాను.

తీర్మానం రాసింది నేనే. దొరగారి ఉత్తర్వులో బోర్డు రిజర్వు మొదట్లో ఉండాలని ఉంది. మాకు కావలసింది గెడ్డ ఒడ్డు. రెండూ అతకాలి కదా. ‘రిజర్వు ప్రారంభమగు చోట, గెడ్డ ఒడ్డున, స్వాగతపు బోర్డు నిలుపుటకు తీర్మానించడమైనది’ అని ఒక్క వాక్యంలో అతికేశాను. చదివి వినిపించకుండానే కింద బుడ్డునాయుడి వేలిముద్ర తీసుకున్నాను.

పుష్యంలో ‘ఇది అందరి అడవి, స్వాగతం’ అన్న బోర్డు నిలబడింది. అందంగా ఉందని అందరూ అన్నారు. నెమలి కొంచెం కోడిపుంజులా వచ్చింది గానీ, దూరానికి ఫరవాలేదు. సుక్రమ్మ ఆ రోజు చెంబుతో వచ్చి, స్తంభాల వంక చూసి, నీళ్ళు పోయకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. చలి ఎక్కువగా ఉంది, ముసలిది కదా అనుకున్నాను.

కొత్త ఆఫీసరు

మరుసటి వేసవిలో దొర బదిలీ అయ్యాడు. ఆయన స్థానంలో మనవాడే, తెలుగువాడే వచ్చాడు. ఆయన గురించి నాతో పనిచేసినవాళ్ళు చాలా చెడ్డగా చెప్పేవారు. నేను చెప్పను. ఒక్క కోడిగుడ్డు ఊరికే తినని మనిషి. కాకపోతే కాయితంలో ఉన్నది నేల మీద లేకపోతే నేలదే తప్పు అనుకునే రకం.

వానలకు ముందు ఆయన కొండెక్కాడు. గెడ్డ దగ్గర బోర్డు చూశాడు. బోర్డు వెనకాల కొట్టి కాల్చి, గింజకు సిద్ధం చేసిన పోడు చూశాడు. పైన ఊరు చూశాడు. బంగళాకు తిరిగొచ్చి తీర్మానం తెప్పించి చదివాడు. అంతే. బోర్డుకు ఎగువన ఈ పంటకాలంలో ఒక్క గింజ చల్లకూడదనీ, సంక్రాంతి దాటేలోపు పద్దెనిమిది ఇళ్ళూ గెడ్డకు దిగువకు మారిపోవాలనీ ఉత్తర్వు.

బుడ్డునాయుడు మొరపెట్టుకోవడానికి వచ్చాడు. ఎగువన రాళ్ళ కుప్పలున్నాయి, అదీ మీ గీత అని చెప్పాడు. ఆఫీసరు పటం తీశాడు. ఆ రోజుల్లో మన్యం పటాల్లో గీత లావే పావుకోసు ఉండేది. పైగా ఆ గెడ్డకి రెండు పాయలుంటే పటంలో ఒకటే గీశారు, హద్దు గెడ్డ దగ్గరో పైనో దాన్ని చూసి తేలదు. అప్పుడాయన తీర్మానం తిప్పి, కింద ఉన్న వేలిముద్ర చూపించి, ఇది నీదే కదా అని అడిగాడు.

బుడ్డునాయుడు ఆ ముద్ర వంక చూశాడు. తరవాత నా వంక చూశాడు. నేను ఆ బల్ల పక్కనే నిలబడి ఉన్నాను. తప్పు నాదండీ, అసలు హద్దు పైనుందండీ అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు. తప్పుడు కాయితం రాశాడని పేరొస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఇంట్లో ముగ్గురు పిల్లలు. మెల్లగా, సమయం చూసి, ఏకాంతంగా చెప్పి సరిచేయిద్దాం అనుకున్నాను. బుడ్డునాయుడు తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు.

మెల్లగా అనుకున్నవాడికి సమయం ఎప్పుడు దొరుకుతుంది? జ్యేష్ఠం వెళ్ళింది. వానలు పడ్డాయి. చుట్టూ కొండలన్నీ పచ్చబడ్డాయి. జీలుగుపుట్టు వాలు మాత్రం కాలిన మోళ్ళతో నల్లగా అలాగే ఉంది. విత్తనం సామలు, కొర్రలు, చోళ్ళు బుట్టల్లోనే ఉండిపోయాయి. గింజ వేస్తే జైలని అప్పలసామి చేతే నేను చాటింపు వేయించాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

డప్పు మోగని కొండ

కొండమీద కొత్త పంట ఇంటికి రాగానే నోట్లో పెట్టుకోరు. కొర్రకొత్త అని పండగ చేసి, దేవుడికి పెట్టి, డప్పులు కొట్టి అప్పుడు తింటారు. ఒక్కో ఊరు ఒక్కో రోజున చేసుకుంటుంది. ఆ రోజుల్లో సాయంత్రం బంగళా వరండాలో కూర్చుంటే ఇవాళ ఈ కొండ, రేపు ఆ కొండ అని డప్పులు వినబడేవి. ఏ దిక్కున ఏ ఊరో నాకు అలవాటైపోయింది.

ఆ ఏడు అన్ని దిక్కులా మోగాయి. జీలుగుపుట్టు దిక్కున మోగలేదు. కొత్త గింజే లేకపోతే కొత్త ఎక్కడిది?

వంటవాడు అన్నం పెట్టి పిలిచాడు. వద్దని పంపేశాను. నాకు నా మీదే అసహ్యం వేసింది, ఇంకో మాట దొరకడం లేదు.

మర్నాడు పొద్దున్నే గెడ్డ దగ్గరకు వెళ్ళి పలకరాయి ముందు, మా స్వాగతం బోర్డు కింద, నిలబడ్డాను. చాలాసేపటికి సుక్రమ్మ వచ్చింది. చిక్కిపోయింది. చెంబు రాతి మీద పెట్టి పక్కకి జరిగింది.

అమీనుకి పెట్టినట్టు పెట్టింది.

నేనే వంగి కాళ్ళ మీద పోసుకున్నాను. ఊళ్ళోకి వెళ్ళాను. పొయ్యి మీద మామిడి టెంకల అంబలి ఉడుకుతోంది. అది ఆకలి రోజుల తిండి. మామూలుగా వేసవి చివర కొద్దిరోజులు తాగుతారు, వీళ్ళు ఆశ్వయుజంలో తాగుతున్నారు. ఎవరూ నన్ను తిట్టలేదు. కూర్చోమని చాప కూడా వేశారు. ఏం తింటున్నారు మామ్మా, ఎలా గడుస్తోంది అని సుక్రమ్మని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

‘దుంపలున్నాయి. అడవి అందరిదని రాసినావు గదా’ అంది.

ఆమెకు చదువు రాదు. బోర్డు మీద ఏముందో ఎవరో చదివి చెప్పి ఉంటారు.

ఆ మధ్యాహ్నమే బంగళాకు వచ్చి ఆఫీసరుకి రాశాను. రిజర్వు హద్దు గెడ్డ కాదని, అరకోసు ఎగువనున్న రాళ్ళ కుప్పలని, అది తెలిసే నేను స్తంభాలు మోయించలేక గెడ్డ ఒడ్డున పాతించానని, ఆ వాక్యం నాదని, వేలిముద్ర తీసుకున్నప్పుడు చదివి వినిపించలేదని, వేసవిలో బల్ల పక్కన నిలబడి కూడా నోరు మూసుకున్నానని. ఎక్కడా మసి పూయలేదు. తపాలా మనిషి చేతికిచ్చాను.

ఆఫీసరు నాలుగో రోజున స్వయంగా వచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని ఎగువకు ఎక్కాడు. పొదలు కొట్టించి, రాళ్ళ కుప్పలు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశాడు. ఆఖరి కుప్ప దగ్గర కూర్చుని చెమట తుడుచుకుంటూ, ‘నువ్వు పుష్యంలో చేసింది తప్పు. జ్యేష్ఠంలో చేసింది పాపం’ అన్నాడు. అంతకంటే ఘాటుగా కాయితం మీద కూడా రాశాడు లెండి, అది నా ఉద్యోగం ఆఖరి వరకూ నా వెంటే వచ్చింది. కానీ ఆ సాయంత్రమే ఉత్తర్వు రద్దు చేశాడు. బోర్డు అక్కడి నుంచి పీకి అసలు హద్దు దగ్గర పాతమన్నాడు.

మా గుమ్మం

స్తంభాలు పీకాం. మొయ్యాలి. ఊళ్ళోవాళ్ళు నలుగురు చెయ్యి వేస్తారేమోనని అప్పలసామి అటూ ఇటూ చూశాడు. బుడ్డునాయుడు గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

‘మీ గుమ్మం మీరే మొయ్యండి’ అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆ ఏడాది వాళ్ళు నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

ఆరుగురు గార్డులూ నేనూ మోశాం. ఖాకీ చొక్కా భుజం మీద చిరిగి చర్మం లేచిపోయింది. దారిలో మూడుసార్లు దింపాం. అప్పలసామి ఏమేం అన్నాడో రాస్తే బాగుండదు. అరకోసు దూరం ఎంతో ఆ రోజు తెలిసింది. పుష్యంలోనే మోసి ఉంటే ఇంతే నొప్పి, ఇంతే చెమట, ఒక్క పూట పని.

పంట పోయింది పోయిందే. సర్కారు నుంచి ఏమైనా ఇప్పిద్దామని తిరిగాను, అలాంటి పద్దే లేదన్నారు. సత్యానందం మాస్టారు వాళ్ళ మిషను నుంచి కొంత బియ్యం తెచ్చి పంచారు. నేనూ మా ఊరి నుంచి రెండు బళ్ళ చోళ్ళు తోలించాను. తీసుకున్నారు. పుచ్చుకున్నారని నా బరువు దిగలేదు.

తరవాత ఆ రేంజిలో ఇంకో నాలుగేళ్ళు ఉన్నాను. ఎప్పుడు వెళ్ళినా పలకరాయి దగ్గర గుర్రం దిగి, నీళ్ళు వచ్చేదాకా నిలబడేవాణ్ణి. ఒకసారి ఊరంతా పోడుకి పోయింది. పొద్దున వెళ్ళినవాణ్ణి సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఎవరు సూత్తారు బాబూ, ఎలిపోదాం అని అప్పలసామి గొణిగాడు. నేను కదల్లేదు. వచ్చినప్పుడల్లా సుక్రమ్మ చెంబు రాతి మీద పెట్టేది, పక్కకి జరిగేది. నేను పోసుకునేవాణ్ణి. ఆమెకు కోపం ఉన్నట్టు కనబడేది కాదు. మంచీ చెడ్డా అడిగేది, మా పిల్లల పేర్లు కూడా అడిగి గుర్తుపెట్టుకుంది. చెంబు మాత్రం రాతి మీదే.

నేనూ ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు. అడిగి పోయించుకునే నీళ్ళు కావు కదా అవి.

బదిలీ ఉత్తర్వు వచ్చాక చెప్పి వెళదామని ఆఖరిసారి వెళ్ళాను. అప్పటికి ఆమెకు చూపు బాగా ఆనడం లేదు. మనవరాలు చెయ్యి పట్టుకుని దించింది. రాయి దగ్గరకొచ్చి ఎవరూ అని అడిగింది. నేనే మామ్మా అన్నాను. మామూలుగా వంగి చెంబు కోసం చెయ్యి చాపాను. ఆమె చెంబు ఇవ్వలేదు, కిందా పెట్టలేదు. రెండో చేత్తో గాలిలో తడుముకుంటూ నా మోకాలు పట్టుకుంది. నన్ను రాయి మీదకు జరిపింది.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. సగం నా కాళ్ళ మీద, సగం రాతి మీద పడ్డాయి.

‘రా బాబూ’ అంది.